కర్రి నోరు తెరిచిన రోజు

ముక్కుతాడు ఎడమచేత్తో బిగించి ఎద్దు తలను పైకెత్తి, కుడిచేత్తో వెదురు గొట్టాన్ని దాని దవడ పక్కనుంచి లోపలికి జొనిపాడు శౌరయ్య. గొట్టంలోని వాము కషాయం గడగడా దిగింది. ఎద్దు వెనక్కి తగ్గబోయి, పేడలో కాలు జారి, చివరికి చేసేది లేక మింగింది. "అంతే, అంతే. అయిపోయింది నాయనా" అంటూ గొట్టం లాగి, దాని మూతిని తన తలగుడ్డ కొసతోనే తుడిచాడు.

కొమ్ములు పట్టుకున్న వెంకటప్పయ్య చేతులు దులుపుకుంటూ, "నీ చెయ్యి పడిందిగా, ఇక దీనికి భయం లేదురా" అన్నాడు. ఆయన ఆసామి, శౌరయ్య ఆయన దగ్గర పాలేరు. ఒకప్పుడు ఆ కొట్టం నిండా ఎద్దులుండేవి. ట్రాక్టరు కొన్నాక ఒక్క జత మిగిలింది.

శౌరయ్యది పదిమందిలో చెప్పుకునే బతుకేమీ కాదు. గంపలగూడెంలో పుట్టాడు. మీసాలు రాకముందే తిరువూరు వచ్చి ఈ కొట్టంలో చేరాడు. పొట్టి మనిషి. ముక్కుతాళ్లు లాగి లాగి ఎడమ భుజం కిందికి వాలిపోయింది. కూతురు ప్రేమకుమారి పెళ్లి ఫొటోలో ఆయన ఒక్కడే వంకరగా పడ్డాడని బంధువులంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆదివారం యేసయ్య గుడిలో వెనక చాప మీద కూర్చుంటాడు, పాటలో గొంతు కలపడు. చెప్పిన పని చేస్తాడు, పెట్టింది తింటాడు. ఆయనకున్న పేరల్లా ఒక్కటే. పశువుకి మందు పట్టాలంటే శౌరయ్యే పట్టాలి. పెనుగొలను నుంచి కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఆ ఒక్క సంగతిలో మాత్రం ఆయనకు కాస్త గీర ఉండేది. ఉండనివ్వండి, పాపం, ఇంకెందులో ఉంది గనక!

ఆ గీరతోనే గొట్టం కడిగి మొలలో దోపుకుని ఇంటికి నడిచాడు. ఇంట్లో కర్రి జబ్బుపడి ఉంది.

కర్రి ఆయన కుక్క. ఒక వానాకాలం బస్టాండు దగ్గర నుంచి వెంట వచ్చి ఇక పోలేదు. ఒళ్లంతా నలుపు, ఒక చెవి చిరిగి ఉంటుంది. వీపు నిమిరించుకుంటుంది, కాళ్ల దగ్గర పడుకుంటుంది, కానీ మూతి మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వదు. అంతకుముందు ఏ వీధిలో ఎవరేం చేశారో ఏమో! కొన్నాళ్లుగా అది తిండి మానేసింది. కళ్లు పసుపు పూసినట్టయ్యాయి. నిన్న దాన్ని భుజాన వేసుకుని పశువుల ఆసుపత్రికి మోసుకెళితే, కాంపౌండరు దేవానందం సీసాలో గోధుమరంగు మందు పోసిచ్చాడు.

"ఇది ఎద్దు కాదు శౌరయ్యా. తల పైకెత్తి గబగబా పొయ్యమాక, ఊపిరితిత్తుల్లోకి పోద్ది. రెండు పూటలా లోపలికి పోతే బతకొచ్చు. పోకపోతే మాత్రం నేనేం చెప్పలేను" అన్నాడు.

శౌరయ్య బుద్ధిగా తలూపాడు గానీ సగమే విన్నాడు. మందు ఎలా పట్టాలో శౌరయ్యకు ఒకరు చెప్పడమా!

నిన్న సాయంత్రం పెరుగన్నంలో కలిపి పెడితే కర్రి వాసన చూసి మొహం తిప్పుకుంది. కాబట్టి ఈ పొద్దున ఆయన తనకు తెలిసిన పని చేశాడు. దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, మూతి పైకెత్తి, గొట్టం పెట్టి వంచేశాడు.

మందు కర్రి ముక్కులోంచి బయటికొచ్చింది. కాళ్లు కొట్టుకున్నాయి, నాలుక నల్లబడింది. శౌరయ్య చేతులు వదిలేసి చూస్తూ ఉండిపోయాడు. భార్య చిట్టెమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, దాని తల కిందికి వంచి వీపు మీద చరిచింది. కర్రి గురగురమంటూ దగ్గి దగ్గి, చివరికి ఊపిరి తీసుకుంది. తర్వాత కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి, ట్రాక్టరు వచ్చాక పనిలేక వాళ్ల వాకిట్లో పడివున్న ఎద్దుబండి కింద దూరింది. అక్కడి నుంచి శౌరయ్యను చూసి పళ్లు బయటపెట్టి గుర్రుమంది. ఇన్నేళ్లలో అది ఆయన మీద గుర్రుమనడం అదే మొదలు.

"చంపేసేవాడివే కదయ్యా! కాంపౌండరు అంత మొత్తుకున్నాడుగా. ఎద్దూ కుక్కా ఒకటేనా నీకు?" అంది చిట్టెమ్మ.

శౌరయ్య లేచాడు. గొట్టాన్ని చూరులో దోపి పనికి పోయాడు. గడ్డి వేశాడు, కుడితి పెట్టాడు, పేడ ఎత్తాడు. పొద్దున్న మందు తాగిన ఎద్దు ఆయన దగ్గరికి రాగానే తల పక్కకు లాక్కుంది. రోజూ లాక్కుంటుంది, ఆయన ఈ రోజే చూశాడు. తన చేత్తో మందు తాగిన నోళ్లు లెక్కలేనన్ని. వాటిలో ఒక్కటీ తనంతట తాను తెరుచుకోలేదు. ఆ సంగతి తట్టేసరికి ఆయనకు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

రెండో పూట మందు వేళకి ఆయన ఇల్లు చేరేసరికి చిట్టెమ్మ అటక మీది నుంచి ఉగ్గుగిన్నె తీసింది. "ప్రేమకుమారికి ఆముదం ఎట్టా పట్టేదాన్నో మర్చిపోయావా? తల ఎత్తేదాన్ని కాదు. బుగ్గలో కాస్త పోసి, గుటకేసిందాకా ఆగేదాన్ని. దీనికీ అంతే."

ముందు తనే వంగి పిలిచింది. కర్రి మూతి చక్రం వైపు తిప్పేసుకుంది. అప్పుడు శౌరయ్య వెళ్లి బండి పక్కన దుమ్ములో కూర్చున్నాడు. ఎదురుగా కాదు, పక్కగా, దాని కళ్లలోకి చూడకుండా. గిన్నె ఒడిలో పెట్టుకుని, ఒక చెయ్యి నేలమీద వెల్లకిలా ఉంచాడు.

"తప్పైపోయిందమ్మా" అన్నాడు. "నాకు తెలిసింది అదొక్కటే. నువ్వు బతకాలని పోశా."

దడి అవతలి నుంచి వెంకటప్పయ్య కేక వినిపించింది. "ఒరే శౌరయ్యా!" పుట్టి బుద్ధెరిగాక ఆయన పిలిస్తే పలకకుండా ఉండటం శౌరయ్యకు అదే మొదటిసారి. చిట్టెమ్మే వెళ్లి, "ఇంట్లో పనుందండీ, కాసేపుండి వస్తాడు" అని చెప్పివచ్చింది.

నీడ బండి చక్రం దాటింది. కర్రి పొట్ట నేలకి ఆనించి మెల్లగా బయటికొచ్చింది. ఆయన మడమ వాసన చూసింది. వేళ్లు వాసన చూసింది. తర్వాత గడ్డం తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

శౌరయ్య రెండో చేత్తో గిన్నె అందుకున్నాడు. పెదవి మూలను వేలితో మెల్లగా బయటికి లాగితే బుగ్గ చిన్న జేబులా తెరుచుకుంది. గిన్నె కొమ్ము ఆనించి కాస్త వంచాడు. మందు చేదుకి దాని ఒళ్లంతా జలదరించింది. పళ్లు ఆయన వేలికి తగులుతున్నాయి. ఎముకలు నమిలే పళ్లు. ఒక్క నొక్కు చాలు. నొక్కలేదు. గుటక వేసింది. ఆయన ఆగాడు. మళ్లీ కొంచెం పోశాడు, మళ్లీ ఆగాడు. తాడు లేదు, కొమ్ములు పట్టేవాడు లేడు. పొద్దున ఊపిరి ఆడకుండా చేసిన చెయ్యే ఇది. ఆ చేతిలోనే అది తల పెట్టి కూర్చుంది.

గిన్నె ఖాళీ అయ్యేసరికి శౌరయ్య దాన్ని నేలమీద దించాడు. ఎందుకో తెలియకుండానే, గుడిలో ప్రార్థన మొదలైనప్పుడు తీసినట్టు తలగుడ్డ తీసి పక్కన పెట్టాడు. ఇంత పెద్దది తనకు ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు. దీన్ని ఏం చేసుకోవాలో కూడా ఆయనకు తెలియలేదు. చిట్టెమ్మ వైపు చూశాడు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, లోపలికి వెళ్లి బెల్లం ముక్క తెచ్చింది. కర్రి దాన్ని నాలుగుసార్లు నాకి వదిలేసి, ఆయన తొడమీద తల పెట్టుకుంది.

ఆయన కదల్లేదు. పొద్దు వాలింది. విజయవాడ బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. కర్రి ఊపిరి ఒకటి పొడుగ్గా వచ్చింది. తర్వాతది రాలేదు.

శౌరయ్య దాని చిరిగిన చెవిని సవరించి, "పొద్దున నేను పోసిందేనంటావా?" అన్నాడు.

"కాదయ్యా. ఆ దగ్గు అప్పుడే పోయింది. కళ్లు చూడు, ఎంత పచ్చగా ఉన్నాయో. నిన్ననే అయిపోవాల్సింది."

"మరి తాగిందెందుకే?"

చిట్టెమ్మ ఆయన తలమీద చెయ్యి వేసింది. "అడిగావుగా" అంది.

దాన్ని పెరట్లో పూడ్చడానికి ఇద్దరూ ఎత్తుకుపోయారు. బండి పక్కన దుమ్ములో బెల్లం ముక్క అలాగే ఉంది. ఒక పక్క, కర్రి నాకినంత మేర, నున్నగా మెరుస్తోంది.