ముప్పై తొమ్మిదో చాలు

గురువారం మైకమ్మకు సెలవు. సెలవంటే బస్టాండుకు సెలవు, అంతే. మంచం మీదున్న వదినకు ఒళ్లు తుడిచి, దుప్పటి మార్చి, పక్క తిప్పి, పాలు పట్టి, బట్టలు పిండి ఆరేసి, మళ్లీ పక్క తిప్పి, అన్నం తినిపించి, మధ్యాహ్నం రెండింటికి ఆవిడ కళ్లు మూశాక చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా బయటపడుతుంది. వీధి మలుపు తిరిగాక చెప్పులు వేసుకుంటుంది. అక్కణ్ణుంచి ఇస్త్రీ కొట్టు నాలుగంగలు. కొట్టు వెనక గదిలో ఇద్దరు స్నేహితురాళ్లు, ఒక బొంత, రెండు గంటల టైము. వారం మొత్తంలో ఆమె సొంతం అనదగ్గది ఆ రెండు గంటలే.

ఆమెకు అసలు పేరు వేరే ఉంది. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పందొమ్మిదేళ్లుగా చెబుతోంది కాబట్టి జనం మైకమ్మ అన్నారు. తొమ్మిదేళ్లుగా సరైన నిద్ర లేక ఎప్పుడు చూసినా మైకం కమ్మినట్టే ఉంటుంది కాబట్టి ఆ పేరు రెండు విధాలా అతికిపోయింది.

ఇస్త్రీ కొట్టు యజమానురాలిని అందరూ ఇస్త్రీ అక్క అంటారు. చేతులు కొలిమి దగ్గర పనిచేసినవాళ్లకున్నట్టు కాయలు కాసి ఉంటాయి, నోరు మాత్రం మెత్తన. మూడో మనిషి నర్సు. రెండు వీధుల అవతల చిన్న ఆసుపత్రిలో పని, ముగ్గురిలో చిన్నది, నోరు ఊరుకోదు. మొదట్లో ఊలు అల్లేది. అల్లికకు కన్నాలెక్కువ, అందులో మాట నిలవదని తేలాక బొంత దగ్గరికి వచ్చి కూర్చుంది.

మాట నిలవడమంటే ఇదీ. ఆ గదిలో కుట్టే బొంతల్లో, సూది గుడ్డలో ఉండగా పలికిన మాట గుడ్డలోనే ఉండిపోతుంది. కప్పుకున్నవాళ్లకు నిద్రలో వినబడుతుంది. మూడు రోజులు విన్నాక నాలుగో రోజు మనిషి ఆ మాట ప్రకారం నడుచుకుంటాడు. తాళాలు బాగుచేసే ఆయన బొంత కుడుతున్నప్పుడు ముగ్గురూ కారే కుళాయిల గురించి తెగ వాపోయారు. ఆయన నాలుగో రోజు తాళాలన్నీ పక్కన పడేసి వీధిలో కుళాయిలు బిగించుకుంటూ తిరిగాడు. ఆయన భార్య వచ్చి, ఈసారి కాస్త తాళాల సంగతి కూడా మాట్లాడుకోండమ్మా అని చెప్పి వెళ్లింది. ఒక పసిపిల్ల బొంత మీద నర్సు కూనిరాగం తీసింది. ఆ పిల్లకిప్పుడు నాలుగేళ్లు. అదే పాట పాడుతుంది, నర్సు తప్పిన చోటల్లా తప్పుతుంది.

గడియారాలు బాగుచేసే ముసలాయన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఆయన బొంతలో సూది గుచ్చి ఉండగానే నర్సు చీకటి పడుతోందని లేస్తూ ఇక వెళ్దామా అంది. ఆయన నాలుగో రోజు పొద్దున అందర్నీ పేరుపేరునా పలకరించి, పడుకుని, మరి లేవలేదు. ఎనభై ఆరేళ్ల మనిషి, హాయిగా పోయాడని ఇంటివాళ్లే ఓదార్చారు. అయినా నర్సు నెల్లాళ్లు సూది ముట్టుకోలేదు. అప్పట్నుంచి ఆ గదిలో ఒకటే కట్టడి, సూది తీసి మాట్లాడు. ఇస్త్రీ అక్క ఆ మాటకు ఎంత అలవాటు పడిందంటే, జన్మలో సూది పట్టని మొగుడు విసుక్కున్నా సూది తీసి మాట్లాడు అంటుంది.

బొంత కుట్టడం మళ్లు దున్నడం లాంటిదే. ఆ చివర్నుంచి ఈ చివరికి ఒక వరస టాకాలు, పక్కనే మరో వరస. వరసను వీళ్లు చాలు అంటారు. ఒక చాలు పూర్తికాగానే కుట్టినవాళ్లు అంకె పైకి చెప్పాలి. పన్నెండో చాలు, పదమూడో చాలు. అది విని ఎదురుగా కూర్చున్నవాళ్లు గుడ్డ బిగిస్తారు. అంకెతో వచ్చే చాలు వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు, అంకె లేకుండా ఇంక వద్దనే అర్థంలో వచ్చే చాలుతోనే ప్రమాదం. అందుకే ఆ గదిలో పని ఆపాలంటే ఆపుదాం అంటారు, టీ వద్దంటే వద్దంటారు. ఆ రెండో చాలు మాత్రం నోట రానివ్వరు.

ఇప్పుడు కుడుతున్నది మైకమ్మ వదిన కోసం. వదినంటే మైకమ్మ భర్త అక్కగారు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు. తొమ్మిదేళ్ల కిందట, తమ్ముడు చనిపోయిన ఏడాదే మెట్ల మీంచి పడి నడుం విరగ్గొట్టుకుంది. పడ్డప్పుడు పక్కనున్నది మరదలు. లేవదీసిందీ మరదలే. ఆ రోజు లేవదీసిన చేతుల్నే ఆవిడ నమ్మింది. పరాయి చెయ్యి తగిలితే ఒళ్లంతా బిగుసుకుపోయేది. తమ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసినావిడ ఒకరున్నారనీ, పొద్దుటా రాత్రీ ఇంట్లోనే ఉండి చూసుకుంటుందనీ నర్సు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది. వదిన ఒప్పుకోలేదు. మైకమ్మ రెండోసారి అడగలేదు. ఇల్లు బస్టాండుకు వెనకే కాబట్టి రెండు బస్సుల మధ్య సందులో పరిగెత్తుకుంటూ వెళ్లి పక్క తిప్పి, మళ్లీ పరిగెత్తుకుంటూ వచ్చి, రొప్పుని దిగమింగుకుని మైకులో మాట్లాడేది. రాత్రిళ్లు మంచానికి కట్టిన గంట రెండుసార్లు మోగేది. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా ఆమె ఒక్క గుక్కలో తెల్లారేదాకా నిద్రపోలేదు.

చలి మొదలైంది, ఎముకలు కొరికేస్తోంది అని వదిన అనడంతో బొంత పట్టారు. నలభై రెండు చాళ్ల బొంత. ఆ గురువారం ముప్పై తొమ్మిదో చాలు మైకమ్మ చేతిలో ఉంది. కొట్టులో ఆవిరి ఇస్త్రీ పెట్టె బుసకొడుతోంది. నర్సు సూది తీసి పక్కన పెట్టి మళ్లీ ఆ ఆయా సంగతే మొదలుపెట్టింది. మైకమ్మకు ఆ మాటలు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. రెప్పలు వాలిపోతున్నాయి. సూది సగం గుడ్డలో, సగం బయట. అప్పుడు ఆమె నోట్లోంచి, ఎవర్నీ ఉద్దేశించకుండా, మైకులో ఎప్పుడూ వినిపించని చిన్న గొంతుతో ఒక మాట వచ్చింది.

"ఇంక చాలు."

ఎదురుగా ఉన్న ఇస్త్రీ అక్కకు చివరి మాటే చెవిన పడింది. ముప్పై తొమ్మిది అయిందనుకుని గుడ్డ బిగించింది.

మైకమ్మ మత్తు దెబ్బకు వదిలింది. నాలుక కరుచుకుంది. చెయ్యాల్సింది ఏమిటో తెలుసు. ఆ చాలు మొత్తం విప్పాలి, దారం బయట పారెయ్యాలి, మళ్లీ కుట్టాలి. గంట పని. గంట కూర్చునే ఓపిక ఆమె ఒంట్లో ఎక్కడ వెతికినా లేదు. చెబితే వాళ్లిద్దరే విప్పేస్తారు, కానీ ఏమన్నావని అడుగుతారు. రేపు ఇంట్లో విప్పుదాంలే అనుకుని, నలభయ్యో చాలుకు దారం ఎక్కించింది. మిగతా ఇద్దరూ తలా ఒక చెయ్యి వేయడంతో నాలుగయ్యేసరికి బొంత అయిపోయింది.

వదిన కప్పుకుని బాగుందంది. ఆవిడ అలా అనడం అరుదు.

శుక్రవారం డ్యూటీ దిగి వచ్చి కత్తెర తీసుకుని మంచం పక్కన కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. శనివారం బొంత అడిగితే, వెచ్చగా ఉంది ఇవ్వనంది వదిన. లాగేసుకోవచ్చు. లాక్కోలేదు. మంచంలో ఉన్న మనిషి మీద జాలి వల్ల లాక్కోలేదని తనకు తాను చెప్పుకుంది గానీ, గిన్నెలు తోముతుంటే నిజం దానంతటది బయటపడింది. రేపటి తర్వాత గంట మోగని ఇల్లు ఒకటి ఆమె కళ్ల ముందు కనిపించింది. ఆ ఇల్లు చాలా హాయిగా ఉంది. ఆ హాయికి భయపడి గిన్నె జారవిడిచింది.

ఆదివారం నాలుగో రోజు. పొద్దున వెళ్లేటప్పటికి వదిన కళ్లు మూసుకునే ఉంది, పలకరిస్తే ఊ అంది. మైకమ్మ మైకు ముందు కూర్చుంది. పదకొండు దాకా ఎలాగో లాక్కొచ్చింది. పదకొండు నలభై బస్సు మలుపులో కనబడగానే మీట నొక్కి, దయచేసి వినండి అని మొదలుపెట్టి, బస్సు ముప్పై తొమ్మిదో చాలు మీదికి వస్తున్నదని చెప్పింది.

ఆ బస్టాండులో ఉన్నవి పన్నెండు ప్లాట్‌ఫారాలు. జనం సామాన్లు ఎత్తుకుని ముప్పై తొమ్మిదో చాలు ఎక్కడా అని ఊడ్చే ఆవిడను అడిగారు. ఆవిడ చీపురుతో ఎటో చూపించింది, అందరూ అటు నడిచారు. మైకమ్మ తన గొంతు తనే విని లేచి నిలబడింది. పక్క సీటు గుమాస్తాతో, మా వదినను చంపుతున్నాను, ఇప్పుడే వస్తానని చెప్పి బయటికి పరిగెత్తింది. గుమాస్తా తల ఊపి మైకు తన వైపు తిప్పుకున్నాడు.

ఇంట్లో చప్పుడు లేదు. మంచం మీద వదిన వెల్లకిలా ఉంది, బొంత గడ్డం దాకా ఉంది. మైకమ్మ కత్తెర తీసుకుని బొంత అంచు పట్టుకుంది.

"కత్తెరెందుకు?" అంది వదిన కళ్లు తెరవకుండానే.

మైకమ్మ నేల మీద కూలబడింది. "ఒక చాలు వంకరపోయింది వదినా. విప్పి కుడతాను."

"ముప్పై తొమ్మిదోదేగా. చేత్తో తడిమి లెక్కపెట్టాను. వంకరేం లేదు, శుభ్రంగా ఉంది." వదిన కళ్లు తెరిచింది. "నీ గొంతు అందులోంచే వస్తోంది. బస్సుల్ని పిలిచే గొంతు కాదది, ఇంట్లో గొంతూ కాదు. తొమ్మిదేళ్లలో నేనెప్పుడూ వినలేదు. నన్ను పొమ్మంటున్నావనుకున్నాను."

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి. మైకమ్మ దగ్గర అది లేదు. "అలాగే అన్నానేమో వదినా. నాకే తెలీదు. గురువారమే విప్పాల్సింది. విప్పలేదు."

వదిన చాలాసేపు పైకప్పు వైపు చూసింది. లెక్క తేలేదాకా ఎవరితోనూ మాట్లాడకపోవడం ఆవిడ పాత అలవాటు.

"రోజుకి ఏడుసార్లు పక్క తిప్పుతావు" అంది చివరికి. "తొమ్మిదేళ్లకి ఇరవై మూడు వేల తొమ్మిదిసార్లు. రెండు లీపు సంవత్సరాలు కలిపాను. నా క్లాసులో ఏ పిల్లచేతైనా ఒక లెక్క నూరుసార్లు రాయిస్తేనే, వాళ్లమ్మలు నా మీదికి యుద్ధానికి వచ్చేవాళ్లు. నీ తరఫున రావడానికి ఎవరూ లేకపోయారు. బొంత అనిపిస్తోందో, నేనే అంటున్నానో తెలీదు గానీ, ఇంక చాలు. నువ్వు నన్ను ఎత్తింది చాలు. ఆ నర్సు చెప్పే మనిషిని రమ్మను."

"పరాయి చేతులు మీకు పడవు కదా."

"పడవు. అలవాటు చేసుకుంటాను. ఎంతమంది మొద్దులకి ఎక్కాలు అలవాటు చేశాను, నాకు నేను చేసుకోలేనా?"

మైకమ్మ ఏడ్చింది. తప్పు చేశానని ఏడ్చిందో, తప్పు తప్పిందని ఏడ్చిందో ఆమెకే తేల్చుకోవడం చాతకాలేదు. వదిన ఓదార్చలేదు. బొంతలోంచి చెయ్యి బయటపెట్టి, కత్తెర అందుకుని, తన తలగడ కింద దాచుకుంది.

ఆయా బుధవారం వచ్చింది. ఎత్తుగా, బలంగా, ఒకటే మాటలతో వచ్చింది. మొదటిసారి పక్క తిప్పబోతుంటే వదిన ఒళ్లు కర్రలా బిగుసుకుంది, పళ్లు బిగబట్టింది. గుమ్మంలో నిలబడ్డ మైకమ్మ చేతులు వాటంతటవే ముందుకు వెళ్లాయి. వదిన కళ్లు మూసుకునే, పన్నెండో ఎక్కం పైకి చదవడం మొదలుపెట్టింది. ఆయా కూడా అందుకుంది, పన్నెండు ఏడుల దగ్గర తప్పు చెప్పింది. వదిన బిగువంతా మరిచిపోయి ఆమెను దిద్దింది. ఈలోగా పక్క తిరగడం అయిపోయింది.

"నువ్వక్కడ నిలబడి ఏం చేస్తావు? వెళ్లి పడుకో" అంది వదిన.

మైకమ్మ పక్క గదిలోకి వెళ్లి పడుకుంది. అప్పుడు సాయంత్రం అయిదు. ఆ గదిలో ఆమె చీకటి పడ్డం చూడలేదు, అన్నానికి లేవలేదు. గురువారం మధ్యాహ్నం రెండింటికి ఇస్త్రీ అక్కా నర్సూ గదిలో కూర్చుని చూసి చూసి, ఇంటికి వచ్చి తలుపులోంచి తొంగిచూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. శుక్రవారం పొద్దున బస్టాండు నుంచి మనిషి వచ్చి, మొదటి బస్సు టైమైంది, మైకమ్మ ఎక్కడని అడిగాడు. లేపమంటారా అని ఆయా అడగడం, గోడకవతల నుంచి మైకమ్మకు నిద్రలోనే వినబడింది. లేవాలనుకుంది. కాళ్లు మంచం దించబోయింది.

"లేపకు" అంది వదిన గొంతు. "బస్సులకి దారి తెలుసు, అవే వస్తాయి. ఆ తలుపు దగ్గరికి వెయ్యి."

తలుపు మెల్లగా మూసుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత తన నిద్రకు ఎవరో కాపలా ఉన్నారన్న సంగతి మైకమ్మకు మెల్లగా అర్థమైంది. ఆ కాపలా ఉన్నది వదినే. ఆమె ముఖం తలగడలో పెట్టుకుని కాసేపు ఏడ్చి, ఆ తడి ఆరకముందే మళ్లీ నిద్రపోయింది.