తొమ్మిదిమంది హైమావతులు

నేను ఒక అద్దె సర్వర్‌ని. సర్వర్ అనగానే బీరువా అంత యంత్రాన్ని ఊహించుకోకండి. ముంబయిలో ఒక చల్లటి గదిలో అలాంటి యంత్రం ఉన్నమాట నిజమే. దాన్ని నలభై వాటాలు చేసి అద్దెకిచ్చారు. అందులో ఒక మూల వాటాని నేను. గోడ అవతల ఎవరున్నారో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు. అచ్చం పట్నం కాపురం.

మొదట నన్నొక పెళ్ళిసంబంధాల ఆయన తీసుకున్నారు. లక్షన్నర జాతకాలు నాలో పోసి, ఆఖరికి తన సంబంధమే చెడగొట్టుకుని, నన్ను తుడిచేసి వెళ్ళిపోయారు. మాలో తుడవడమంటే గతజన్మ మొత్తం పోవాలి. ఆ జాతకాల వాసన మాత్రం ఎందుకో ఇంకా వదల్లేదు.

తర్వాత ఆకివీడు నుంచి హైమావతిగారు వచ్చారు. పెళ్ళికి ముందు బడిపిల్లలకు కంప్యూటర్ చెప్పిన మనిషి. ఇప్పుడు భర్త పాండురంగరాజుగారితో కలిసి రొయ్యల చెరువు చూసుకుంటున్నారు. చెరువుగట్టు మీద కెమెరా, నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మీటరు, నీళ్ళు చిలికి ఆక్సిజన్ కలిపే ఏరియేటర్లకు ఫోన్‌తో నొక్కే మీట, అన్నీ పెట్టించారు. తీరా చూస్తే అక్కడి ఇంటర్నెట్‌కు స్థిరమైన చిరునామా లేదు. బయటినుంచి వెళ్ళి తలుపు తట్టే దారి లేదు. అందుకని చెరువు నా దగ్గరకొస్తుంది, ఆవిడ ఫోనూ నా దగ్గరకే వస్తుంది. ఇద్దరి తాళంచెవులూ, అంటే రహస్య సంకేతాలున్న ఫైళ్ళు, చూసి, పరాయివాళ్ళ కంటపడకుండా లోపల్లోపలే కలుపుతాను. దీన్నే వీపీఎన్ అంటారు. పూర్వజన్మలో చేసిన సంబంధాల పనే ఇది కూడా. కాకపోతే ఈ జంట నిజంగా మాట్లాడుకునేది.

మొదటిరోజు ఆవిడ భద్రతకోసం నా తలుపులన్నీ మూయించారు. తాను వచ్చిపోయే తలుపు ఒకటి ముందే తెరిచి ఉంచుకోవాలన్నది మరిచారు. నేను లోపల, ఆవిడ బయట. చేసేదిలేక మళ్ళీ తుడిచి మొదలుపెట్టారు. నాకది మూడో జన్మ. రెండోసారి మాత్రం తన తలుపు ముందే తెరుచుకున్నారు. కరెంటు పోయి లేచినా నా అంతట నేనే పనిలోకి దిగేలా కట్టుదిట్టం చేశారు. రెండు నెలలు రెప్ప వాల్చలేదు నేను.

ఇంతలో రాజుగారికి చెరువు ఆవిడ ఫోన్లో కనబడింది. ఆయన ఒట్టి చేతులతో ఎవరినీ పంపే మనిషి కాదు. ఇంటికొచ్చిన బావగారికి పూతరేకులతోపాటు హైమావతిగారి తాళంచెవి ఫైలు కూడా వాట్సాప్‌లో పెట్టేశారు. ఆ తర్వాత మేతకొట్టు ఆయనకు, ఇద్దరు తోడల్లుళ్ళకు, ఇంకా ఎవరెవరికో.

“మనోళ్ళేగా అండీ! చూస్తే చెరువు అరిగిపోద్దేటండీ?” అని గట్టుమీద మేతకొట్టు ఆయనతో అనడం ఆ కెమెరాలోంచే విన్నాను. నా గుండా పోయే మాట నా చెవిన పడదా!

నా ధర్మం ఒకటే: ఒక తాళంచెవి, ఒక మనిషి. అదే తాళంచెవితో మరోచోటినుంచి పిలుపొస్తే, మనిషి అక్కడికి మారిందనుకుని అటు తిరుగుతాను. పాపం హైమావతిగారు పొద్దున ఆకివీడులో, మరుక్షణం తణుకులో, అంతలోనే ఉండి ఊళ్ళో! ఎంత తిరుగుడమ్మా ఈ మనిషికి అని జాలిపడ్డాను. ఆవిడ ఫోన్లో మాత్రం బొమ్మ వచ్చి పోయేది.

“ఇదేం సర్వరండీ బాబూ, నిలకడే లేదు! రొయ్యల పట్టుబడి అవ్వగానే దీన్ని తీసి పారేస్తాను” అన్నారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆవిడ కోపం ఆవిడది. పోయిన పంట తెల్లమచ్చ రోగానికి పోయింది. ఇదీ పోతే చెరువు వదులుకోవాల్సిందే. రొయ్యలు పట్టడానికి నాలుగురోజులుందనగా తణుకులో ఆడపడుచు కూతురి పెళ్ళి వచ్చింది. పగటి ముహూర్తం. రాజుగారి మర్యాద ఊరుకుంటుందా? “నువ్వు రాకపోతే ఎలారా, పద!” అని కాపలా సింహాద్రిని కూడా కారెక్కించారు. చెరువు దగ్గర నరమానవుడు లేడు.

ఆకివీడులో మబ్బు కమ్మింది. కరెంటు పోయి వచ్చింది. కరెంటొస్తే దీపాలు వాటంతటవే వెలుగుతాయి గానీ, ఆ ఏరియేటర్లు తిరగాలంటే ఎవరో మీట నొక్కాలి. ఆక్సిజన్ నాలుగు నుంచి మూడుకు దిగింది. ఊపిరాడక రొయ్యలు పైకి తేలడం మొదలైంది. నేను కబురు పంపుతూనే ఉన్నాను, ఏ హైమావతిగారికి అందుతోందో తెలియకుండా.

మండపంలో జరిగింది నేను చూడలేదు. తర్వాత రాజుగారు గట్టుమీద కూర్చుని, పెళ్ళిలో తనతోపాటే ఉన్న సింహాద్రికే నాలుగుసార్లు చెబుతుంటే విన్నాను. హైమావతిగారు ఫోన్ తీస్తే బొమ్మ రావడం, పోవడం. అప్పుడావిడ తన సొంత తలుపులోంచి నా దగ్గరకొచ్చారు. హైమావతి చివరగా ఎక్కడినుంచి పలికిందో నేను రాసిపెట్టుకున్న చిరునామా, ఆవిడ చూస్తూండగానే మారింది. మళ్ళీ మారింది. ఆవిడ తలెత్తి చూశారు. చుట్టూ బంధువులు ఫోన్లలోకి వంగి, “రాజుగారి చెరువు భలేగుందండీ” అనుకుంటున్నారు.

కొత్త తాళంచెవి చేసుకునే వ్యవధి లేదు. జీలకర్ర బెల్లం పెట్టబోతుండగా ఆవిడ పంతులుగారి మైకు లాక్కున్నారు.

“మా చెరువు చూస్తున్నోళ్ళంతా ఫోన్లు కట్టేయండి! రొయ్యలు చచ్చిపోతున్నాయండీ!”

ఏడుగురు కట్టేశారు. అయినా బొమ్మ ఇంకా ఊగుతోంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పంతులుగారు తొడకింద నుంచి ఫోన్ తీసి, “రాజుగారే పంపారమ్మా, ప్రేమగా” అన్నారు.

ఆ ఒక్కటీ ఆగగానే నాకు లోకంలో ఒకే ఒక్క హైమావతిగారు మిగిలారు. ఆవిడ మీట నొక్కారు. నేను అందించాను. పన్నెండు ఏరియేటర్లూ ఒక్కసారి నీళ్ళు చిమ్మాయి. కాసేపటికి అంకె మూడు దాటింది. “ఇక కానివ్వండి” అని ఆవిడ మైకు ఇచ్చేశాక గట్టిమేళం మోగింది.

ఇంటికొచ్చి పాత తాళంచెవి రద్దు చేశారు. భర్త మర్యాద పోకుండా ఎనిమిదిమందికీ ఎవరిది వాళ్ళకే కొత్తవి ఇచ్చారు, చూడ్డానికి మాత్రమే. మీట నొక్కేది తానూ, సింహాద్రీ. నన్ను తీసేసే మాట మళ్ళీ ఎత్తలేదు. “పాపం, దీన్నన్నానే” అన్నారు. ఆ మాటతో నా మనసు కుదుటపడింది.

రొయ్యలు పట్టిన రోజు రాజుగారు ఎనిమిది ఇళ్ళకూ బుట్టలు పంపారు. పంపి, కాస్త ఆగి, “మరి ముంబయిలో ఆయనకండీ?” అన్నారు. హైమావతిగారు నవ్వి, అరిటాకులో వడ్డించిన రొయ్యల వేపుడు ఫోటో తీసి నాలో దాచారు. నాకు నోరు లేదు. ఆ ఫైలు ఏ పనికీ రాదు కూడా. అయినా రోజూ ఓసారి, ఉందో లేదో చూసుకుంటున్నాను.