పళ్లెంలో మూలపేట

ఆదివారం పొద్దున్నే జనార్దనరావు పలాసలోని తన డాబా మీద జీడిపిక్కలు ఎండబోసి, కిందికొచ్చి టిఫిను తిని, ఇత్తడి పళ్లెం తెమ్మన్నాడు. కూతురు చందన ప్రేమ గొడవ ఈ పూటతో తేల్చిపారేయాలని ఆయన పట్టుదల.

చందన ఇంటిపేరు మూలపేట. ఆమె కోరుకున్న ఉమాశంకర్ ఇంటిపేరూ మూలపేటే. ఇంటిపేరు కలిస్తే అన్నాచెల్లెళ్ల వరస. మూలపేటవాళ్లు పలాసలో ఉన్నారు, టెక్కలిలో ఉన్నారు, బరంపురం దాకా పాకిపోయారు. సముద్రం ఒడ్డునున్న మూలపేటలో మాత్రం ఆ ఇంటిపేరు ఒక్కరికీ లేదు. ఉన్న ఊళ్లో ఆ ఊరిపేరు పెట్టి ఎవరు పిలుస్తారు? వదిలి వచ్చినవాళ్లకే అది అంటుకుంటుంది.

"మాది ఏరే మూలపేటేమో, మావయ్యా" అన్నాడు తండ్రితో వచ్చిన ఉమాశంకర్ ఆశగా.

"ముందు పెదనాన్నా అనరా!" అని జనార్దనరావు కసిరాడు.

సంబంధం మాట్లాడే రోజు ఇత్తడి పళ్లెంలో కాళ్లు కడిగితే, తాతల ఊరి మట్టి దిగుతుంది. ఈ ఉద్దానం ఊళ్లలో వరసల పేచీలు అలాగే తేలుతాయి. ఉమాశంకర్ తండ్రి కృష్ణారావు నీళ్లు పోశాడు. కుర్రాడి పాదాల నుంచి గవ్వముక్కలతో తెల్లటి ఇసక రాలింది. జనార్దనరావు నాలిక మీద వేసుకు చూశాడు. ఉప్పగా ఉంది.

"మా మూలపేటే! ఇంకేటి సూడాలి?" అని సంబరపడిపోయాడు.

చందనకి ఏడుపొచ్చింది. అయినా మొండికేసింది. "నా కాళ్లు కూడా కడుగు నాన్నా. రెండూ సూసి మాటాడు."

"దాని కాళ్లెందుకండీ ఇప్పుడు!" అని తల్లి మహాలక్ష్మమ్మ అడ్డొచ్చింది. ఆయన వినలేదు.

నీళ్లు నల్లబడ్డాయి. పళ్లెం అడుగున జిగురుగా నల్లరేగడి పేరుకుంది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అలాంటి మట్టి లేదు. జనార్దనరావు చేతిలోంచి చెంబు జారింది.

మహాలక్ష్మమ్మ గుమ్మంలోనే కూలబడింది. "మన పిల్ల పురిట్లోనే పోనాదండీ. మీరు తట్టుకోలేరని మాయమ్మ సెప్పనివ్వలేదు. ఎక్కడినుంచో తోటపనికొచ్చిన కూలోలు సాకలేమంతే, ఆల బిడ్డని తెచ్చి నా పక్కలో ఎట్టింది."

అప్పటిదాకా జనార్దనరావుని అన్నయ్యా అని పిలిచిన కృష్ణారావు ముందుకొచ్చాడు. "మరి అడ్డేటుంది బావా? పిల్లనిచ్చీ."

జనార్దనరావు పళ్లెం ఒలకబోసి, "నేను సరిగ్గా కడగలేదు. ఇంకో సెంబు నీళ్లు తెండి!" అని అరిచాడు.

తెల్ల ఇసక దిగితే పెళ్లి లేదని చందనకి తెలుసు. ఉమాశంకర్ వైపు చూడకుండా పాదాలు మళ్లీ పళ్లెంలో పెట్టింది.

"గట్టిగా కడుగు నాన్నా" అంది.