మంచిది దాచుకున్నవాడు

బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ మన టైలరు గారి బావమరిది కోరుకుని ఊరుకునే రకం కాదు. బావకి రెండు కిడ్నీలూ చెడిపోయి, ముఖం తలగడలా ఉబ్బిపోయి మంచాన పడ్డ ఏడాది, తన రెండింట్లో ఒకటి తీయించి ఇచ్చేశాడు.

ఇచ్చాక అయినా కాస్త గొప్పగా తిరిగాడా అంటే, అదీ లేదు. టైలరు ఎప్పుడు కృతజ్ఞతగా నోరు తెరవబోయినా, "బావా, సినిమా డైలాగులు వద్దు, ప్యాంటు పొడవు తగ్గించావా లేదా?" అని మాట మార్చేసేవాడు. దాంతో టైలరు కూడా వేరే దారి పట్టాడు. ఆపరేషనుకి ముందు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: "ఇచ్చేవాళ్ళ దగ్గర మెరుగైనదాన్ని ఉంచేస్తాం. రెండోదే తీస్తాం. అది మా పద్ధతి." టైలరుకి అది చాలు. అప్పట్నించీ ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ అదే పాట.

"చూశారా, మంచిది తను దాచుకుని రెండో రకం సరుకు నాకు అంటగట్టాడు. సొంత బావకి!"

"వారంటీ లేదని అప్పుడే చెప్పాను కదా బావా!"

ఇలా ఉండేది వాళ్ళ వరస.

బావమరిదిని అందరూ మేక అంటారు. లిఫ్టులు బాగుచేయడం అతని పని. కానీ చిన్నప్పటినుంచీ కొండ కనిపిస్తే కాలు ఆగదు. లిఫ్టు నడుస్తున్నా మెట్లెక్కే పైకి పోయే లిఫ్టు మెకానిక్కు లోకంలో అతనొక్కడే ఉంటాడు. ఏటా జరిగే కొండదారి మారథానులో, రాళ్ళూ వాగులూ ముళ్ళకంపలూ దాటుకుంటూ నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తొచ్చి, మర్నాడు పొద్దున్నే ఏమీ ఎరగనట్టు పానాలు పట్టుకుని పనిలోకి పోయేవాడు.

ఆపరేషనుతో అదంతా ఆగిపోయింది. ఆపించింది డాక్టరమ్మ కాదు, ఆవిడ వెళ్ళమనే చెప్పింది. ఆపించింది అక్క. టైలరు గారి భార్య. మెట్ల కింద ఉన్న వాళ్ళ చిన్న కుట్టుకొట్లో స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టే మనిషి, సూది ఎంత చిన్నదో మాట అంత పదును. "ఉన్నది ఒక్కటి. దాన్ని తీసుకెళ్ళి ఏ బండకేసో కొడతావా? నేను బతికుండగా నువ్వు కొండెక్కితే చూడు" అంది. మేక ఎదురు చెప్పలేదు. తల్లి పోయాక పెంచిన అక్క మరి.

ఒకరోజు టైలరు కుట్టిన ప్యాంట్లు ఇద్దామని మేక గదికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది, మనిషి లేడు. కిటికీ గట్టు మీద పాత పరుగు బూట్లు కనిపించాయి. లోపల కాగితాలు కుక్కి, మట్టి మరక కూడా లేకుండా తుడిచి ఉన్నాయి. వాటికి కొత్త లేసులు కట్టి ఉన్నాయి. టైలరు ప్యాంట్లు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నాలుగేళ్ళుగా ఎక్కని కొండకి కొత్త లేసులెందుకు? నాకొక ప్రాణం ఇచ్చి, తన ప్రాణం కిటికీలో పెట్టుకున్నాడే అనుకున్నాడు.

ఆ సాయంత్రం కొట్టు కట్టేస్తూ భార్యతో అన్నాడు. "ఈసారి మారథానుకి నేను పేరిస్తాను."

ఆవిడ సూది ఆగింది. "ఏ మారథాను? బస్సెక్కడానికి పరిగెత్తలేక తర్వాతి బస్సు కోసం కూర్చునే మనిషి!"

"తీసుకున్న నేనే ఎక్కగలిగితే, ఇచ్చినవాడికి ఏం భయం? అదొక్కటి నీకు చూపించాలి."

నెల రోజులు మాట్లాడలేదావిడ. ఆ తర్వాత డాక్టరమ్మ దగ్గరికి తనే వెంట వెళ్ళి, అడగాల్సినవన్నీ అడిగి, నీళ్ళెప్పుడు తాగాలో, నొప్పి మాత్రలు ఎందుకు ముట్టుకోకూడదో అన్నీ విని, బయటికొచ్చి షరతు పెట్టింది.

"సరే. ఇద్దరూ వెళ్ళండి. పరుగు ముగిసేచోట సాయంత్రం నాలుగింటికి గేటు మూస్తారట కదా, ఆలోపు ఇద్దరూ నా కళ్ళ ముందు నిలబడితే ఇక వాడి కొండ జోలికి రాను. నిలబడలేదో, ఆ బూట్లు నేనే తీసుకెళ్ళి చెత్తబండిలో వేస్తా."

టైలరు ఏడాదిపాటు సాధన చేశాడు. మొదట వీధి చివరిదాకా నడక, తర్వాత వంతెన మీదుగా అవతలికి, తర్వాత మేక పనిచేసే పదంతస్తుల భవనం మెట్లు. వెనకాల మేక. "ఎక్కు బావా, నా సరుకు పరువు తీయకు!"

రేసు రోజు తెల్లవారకముందే బయల్దేరారు. ఇద్దరికీ చొక్కాలు టైలరే కుట్టాడు, ఉప్పు పొట్లానికి లోపల జేబుతో సహా. దారంతా పొదలకీ కొమ్మలకీ నారింజ రంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. అవి చూసుకుంటూ పోవడమే. అందరికంటే వెనక ఇద్దరు మనుషులు వస్తారు. ఆఖరివాడు దాటిపోయాక ఆ రిబ్బన్లు విప్పుకుంటూ రావడం వాళ్ళ పని. వాళ్ళని అందరూ తోకవాళ్ళు అంటారు.

మొదటి సగం బాగానే గడిచింది. పరుగెత్తేవాళ్ళంతా ముందుకెళ్ళిపోయారు, వీళ్ళిద్దరూ నడకా పరుగూ కలిపి లాగిస్తున్నారు. రెండో మజిలీలో నీళ్ళూ అరటిపళ్ళూ ఇచ్చే బల్ల దగ్గర టైలరు కూర్చుని మేజోళ్ళు మార్చుకోబోయాడు.

"నువ్వు ముందు నడువు. నీ కాళ్ళు నా పక్కన నడిచి నడిచి తుప్పు పడుతున్నాయి. పై మజిలీలో కలుద్దాం."

"నిన్ను వదిలి పోతే అక్క నా రెండోది కూడా తీయిస్తుంది బావా."

"పోరా అంటుంటే!"

మేక పోయాడు. కాళ్ళకి స్ప్రింగులు కట్టినట్టు ఎగురుకుంటూ పోయాడు. ఆ పరుగు చూసి టైలరు కడుపు నిండిపోయింది.

బయల్దేరే వేళకి తోకవాళ్ళు అక్కడే ఉన్నారు. ఎవరికో మడమ బెణికితే కట్టుకడుతున్నారు. "మీరే ఆఖరు బాబాయ్. ఇతన్ని కిందికి దింపే ఏర్పాటు చేసి మేము కాస్త ఆలస్యంగా వస్తాం" అన్నారు.

పాపం, ఎంత పని అనుకున్నాడు టైలరు. మలుపు తిరగ్గానే మొదటి రిబ్బను కనిపించింది. ఆఖరివాడు తనే. తన వెనక దాని అవసరం ఇక ఎవరికీ లేదు. ముప్పై ఏళ్ళుగా అతని చేతికొక అలవాటు ఉంది. అసలు కుట్టు పడ్డాక లోపలి కచ్చా కుట్టు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, పీకేయాల్సిందే. పనైపోయిన దారం బట్టలో ఉండకూడదు. ఆ చెయ్యే ముందుకెళ్ళి రిబ్బను విప్పింది. తోకవాళ్ళకి సాయం చేసినట్టు ఉంటుంది కదా అనుకుని ఇంకొకటి విప్పాడు, మరొకటి విప్పాడు. మంచు దిగుతోంది. ఈల వేసుకుంటూ, దారి పొడుగునా విప్పుకుంటూ, దారి రెండుగా చీలినచోట కుడివైపు కట్టిన రిబ్బన్ల గుత్తి కూడా విప్పి సంచిలో కుక్కుకుని పైకి పోయాడు.

మూడో మజిలీలో ఒక పెద్దావిడ వచ్చినవాళ్ళ చొక్కాల మీది నంబర్లు రాసుకుంటోంది. పూర్వం బడిలో డ్రిల్లు టీచరట, గొంతులో ఇంకా ఈల ఉంది.

"రండి రండి! నా లెక్కలో ఇంకా ఇద్దరు రావాలి, రెండో ఆయనేరీ?"

"ముందే వచ్చుంటాడే! మేకలా ఎగురుతూ వచ్చుండాలి."

"ఆ నంబరు ఇంకా రాలేదండీ. మీ వెనకే ఉన్నాడనుకున్నాను."

టైలరు నోట్లో అరటిపండు ముక్క అలాగే ఉండిపోయింది. సంచి వైపు చూసుకున్నాడు. నిండా నారింజ రంగు.

జరిగింది ఇదీ. మేక కొంత దూరం పోయాక, పాత రోజుల్లో తను తాగే ఊట ఒకటి గుర్తొచ్చింది. బావ మాటిమాటికీ నీళ్ళు తాగాలి, చల్లటివి పడదామని పక్క దారిలో దిగాడు. అతను ఊట దగ్గర సీసా నింపుతుంటే పైన బావ ఈల వేసుకుంటూ దాటిపోయాడు. మేక పైకొచ్చి, బావ ఇంకా రాలేదనుకుని బండమీద కూర్చున్నాడు. ఎంతకీ రాకపోయేసరికి, పై మజిలీలో కలుద్దామన్నాడు కదా అని తనే ముందుకి కదిలాడు.

ఇదంతా టైలరుకి అప్పటికి తెలియదు. తెలిసింది ఒక్కటే, వాడు వెనక ఉన్నాడు, దారిలో ఒక్క గుర్తు లేదు.

"ఆ చీలిక దగ్గర ఎడమ దారి ఎటు పోతుందండీ?"

డ్రిల్లు టీచరు ముఖం మారింది. "పాత దారి అది. కిందటి వానల్లో విరిగిపడింది. అందుకే ఈ ఏడు కుడివైపు మార్చారు. ఏం?"

మేకకి తెలిసింది పాత దారే. అయిదేళ్ళుగా కొండ మొహం చూడనివాడికి కొత్త దారి ఎలా తెలుస్తుంది?

"రిబ్బన్లు నేనే విప్పేశాను. వెనక్కి పోతున్నానమ్మా."

"పోతే మీకు గేటు దొరకదు. ఇప్పుడు నడిస్తేనే అంతంతమాత్రం."

"గేటుదేముందమ్మా, అది ఏడాదికోసారి పెడతారు."

ఆవిడ వైర్‌లెస్సు చేతిలోకి తీసుకుని కబురు చెప్పడం మొదలుపెట్టేసరికి ఈయన దిగువకి మళ్ళిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. విప్పిన రిబ్బన్లన్నీ మళ్ళీ కట్టుకుంటూ దిగాడు. ఈసారి విప్పడానికి వీల్లేకుండా, గుండీ కుట్టాక వేసే ముడి వేసి మరీ కట్టాడు. ఆగి నీళ్ళు తాగాడు, ఎందుకంటే ఆ లోపలిది తనది కాదు, వాడిది, దానికి దాహం వేయనివ్వకూడదు.

చీలిక దగ్గరికొచ్చేసరికి మంచు గోడ కట్టినట్టు ఉంది.

"ఒరేయ్ మేకా!"

జవాబు లేదు.

"ఒరేయ్! మంచిది దాచుకున్న దొంగా! ఎక్కడ చచ్చావురా!"

ఎడమవైపు, చాలా లోపలినుంచి సన్నగా గొంతు వినిపించింది. "బావా? నువ్వు పైనున్నావేంటి?"

"అక్కడే ఆగు! ముందుకి అడుగెయ్యకు! దారి విరిగింది!"

"తెలుసు. బండరాళ్ళు జారుతుంటే కూర్చుండిపోయా. ఏమీ కనపడట్లేదు బావా." ఆ గొంతులో వేళాకోళం లేదు. మేక అలా మాట్లాడగా టైలరు అంతకు ముందు వినలేదు.

"నేను తిడుతూనే ఉంటా. తిట్టు వినపడినవైపు పాక్కుంటూ రా."

తర్వాత ఆ కొండ మీద వినిపించిన తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు. పెళ్ళిలో తన బూట్లు దాచిన దగ్గర్నుంచీ, కురచైపోయిందని ఏడ్చిన ప్యాంటు దాకా, ఒక్కటీ వదల్లేదు. గొంతు బొంగురుపోయేదాకా తిట్టాడు. ఆఖరికి మంచులోంచి ముందు చేతులు, తర్వాత మోచిప్పలు దోక్కుపోయిన మేక బయటపడ్డాడు. చేతిలో నీళ్ళ సీసా అలాగే ఉంది.

"ఊట నీళ్ళు బావా. చల్లగా ఉంటాయి తాగు."

టైలరు సీసా అందుకుని తాగలేకపోయాడు. "రిబ్బన్లు నేనే విప్పానురా. ఆఖరివాణ్ణి నేనేననుకున్నా."

మేక బావ చేతుల వైపు చూశాడు. "కచ్చా కుట్లు పీకావన్నమాట."

"ఈరోజు నన్ను చెప్పనివ్వరా. ఆ రోజు నువ్వు..."

"బావా, ముక్కు తుడుచుకో ముందు."

"తుడుచుకోను! నువ్వు లేకపోతే నేను లేను. అంతే. చెప్పేశా. ఇక నడువు."

మేక బావ సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు. టైలరు దిగిన ఆ ఎత్తంతా మళ్ళీ ఎక్కారు. మూడో మజిలీలో డ్రిల్లు టీచరు ఇద్దర్నీ చూసి చప్పట్లు కొట్టి, వెంటనే పరిగెత్తమని అదిలించింది. పరిగెత్తారు. దిగుడంతా పరిగెత్తారు. కానీ కాలం ఎవరి బావమరిదీ కాదు కదా.

వాళ్ళు కిందికొచ్చేసరికి గేటు గొట్టాలు విప్పి లారీలోకి ఎక్కిస్తున్నారు. కుర్చీలు దొంతర పెట్టేశారు. ఒక్క కుర్చీ మిగిలింది, దానిలో టైలరు భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి. ఆవిడ లేచి ముందు తమ్ముడి మోచిప్పలు చూసింది, తర్వాత మొగుడి ముఖం చూసింది.

"నాలుగు ఎప్పుడో దాటింది" అంది.

"తప్పు నాది" అన్నాడు టైలరు. "వాడిది కాదు. రిబ్బన్లు..."

"వైర్‌లెస్సులో అంతా విన్నాను. మీ చేతి సంగతి నాకు తెలియనిదా? కుట్టుకుంటున్న చొక్కాకే దారం పీకే మనిషి మీరు." ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఈయన ఆ ఎత్తు రెండుసార్లు ఎక్కాడా?"

"రెండుసార్లు అక్కా. నన్ను తిడుతూ కూడా."

"కళ్ళు తిరిగాయా? పడ్డాడా?"

"లేదక్కా. నేనే వెనకపడ్డా."

ఆవిడ సంచి చంకలో పెట్టుకుంది. తర్వాత మొగుడి నడుము మీద, ఆపరేషను మచ్చ ఉన్నవైపు చెయ్యి పెట్టింది, బట్ట నాణ్యం చూసినట్టు.

"రెండో రకం సరుకే ఇంత గట్టిగా ఉంటే, నువ్వు దాచుకున్నది ఇంకెంత గట్టిదై ఉండాలిరా" అంది.

మేక బావ సంచిని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"అయితే షరతు షరతే. గేటు దొరకలేదు. వచ్చే ఏడు మళ్ళీ ఎక్కండి, ఇద్దరూ. అప్పుడు చూస్తా." ప్లాస్టిక్ సంచి తమ్ముడి చేతిలో పెట్టింది. "చెత్తలో వేద్దామని తెచ్చాను కానీ, వీటికి లేసులు కొత్తవి కదరా, మనసొప్పలేదు."

మేక కిందికి చూసుకున్నాడు. కాళ్ళకున్నవి ఆ పాత బూట్లే. సంచిలో ఉన్నది మరో జత, పెట్టెలోంచి తీయనివి, అతని కొలతవి. అక్క మొహం పక్కకి తిప్పుకుంది. మేక కళ్ళు తుడుచుకుంటూ, "చెమట అక్కా, కళ్ళలో పడింది" అన్నాడు.

అప్పుడే వెనకనుంచి తోకవాళ్ళు ఇద్దరూ ఈడ్చుకుంటూ దిగారు. చేతుల నిండా రిబ్బన్లు.

"ఎవరండీ ఈ ముళ్ళు వేసింది?" అని ఒకతను కేకేశాడు. "ఒక్కటీ ఊడదు! పళ్ళతో కొరకాల్సొచ్చింది!"

టైలరు చెయ్యెత్తాడు. "నేనే బాబూ. ఇకమీద ఊడవు."