కోత పండగలో చేపల మిషను

నర్సీపట్నం నుంచి సముద్రం చూడాలంటే గంట పైన బస్సులో కుదుపులు తినాలి. అయినా ప్రేమరాజు తన రేడియో రిపేరు కొట్టు బోర్డు చెరిపించి "ప్రేమ్ ఓషన్ టెక్నాలజీస్" అని రాయించుకున్నాడు. రెండువేల మూడులో విశాఖపట్నంలో ఎవరో సముద్రం మీద వ్యాపారాలు ఎలా చెయ్యాలో ఓ పూటంతా ఉపన్యాసాలిచ్చి, భోజనం పెట్టి, భుజానికో సంచీ తగిలించి పంపారు. ఆ సంచీ తగిలిన దగ్గర్నించీ మనిషి కాళ్లు నేల మీద ఆనలేదు. నేల మీది వ్యాపారాలన్నీ ఎవరో ఒకరు పట్టేసుకున్నారనీ, ఇక మిగిలినవి నీళ్లలోవేననీ కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. వాళ్లు అతని డబ్బుతో టీ తాగి వెళ్లిపోయేవారు.

అతను తయారుచేసింది చేపల్ని పిలిచే మిషను. ప్లాస్టిక్ గొట్టంలో టేపురికార్డరు స్పీకరూ బ్యాటరీ పెట్టి, నీళ్లు దూరకుండా సైకిల్ ట్యూబు చుట్టి, తాడు కట్టాడు. నీళ్లలోకి దింపితే గుర్రుగుర్రుమంటుంది. ఆ చప్పుడుకి చేపలు గుంపులుగా రావాలి. రోలుగుంటలో ఒక రైతు చెరువులో దింపి చూస్తే చేపలు రాలేదు, కప్పలొచ్చాయి. పోనీలే, నీళ్లలో ప్రాణి ఏదో ఒకటి మాట విందిగా అని సంబరపడిపోయాడు మహానుభావుడు.

భార్య ఎస్తర్ రాణి మాత్రం సంబరపడలేదు. పాయకరావుపేట దగ్గర చేపల బోట్లున్న గంగులు ఆదివారం మధ్యాహ్నం వచ్చి మిషను చూస్తానని కబురు పెట్టాడు. అతను కొంటే సరే, లేకపోతే బోర్డు దింపేసి తన అన్న సిమెంటు కొట్లో కూర్చోవాలని తేల్చి చెప్పేసింది. ప్రేమరాజు సరేనన్నాడు గానీ, ఆ సిమెంటు బస్తాలు తలుచుకుంటేనే అతనికి అన్నం సహించలేదు.

ఇంతలో ఇంకో తంటా వచ్చిపడింది. చర్చిలో కోత పండగకి ఎవరి మొదటి పంట వాళ్లు దేవుడికిస్తారు. వడ్లో, గుమ్మడికాయో, కోడిపెట్టో. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. నిరుడు ప్రార్థన కూటంలో ప్రేమరాజు ఊపు మీద లేచి, తన కంపెనీ ప్రథమ ఫలం దేవుడిదేనని అందరి ముందూ మొక్కుబడి చేసేసుకున్నాడు. అప్పుడు మిషన్లు లారీలకెత్తుతాననుకున్నాడు మరి. తీరా చూస్తే చేసింది ఒక్కటే, పండగ కూడా ఆ ఆదివారమే. నోరు మూసుకుని ఊరుకుందామంటే సంఘ పెద్ద స్టీవెన్ గారికి జ్ఞాపకశక్తి జాస్తి.

వేలంలో తనే కొనేసుకుని గంగులుకి చూపించొచ్చు. కానీ ఇచ్చిన ఇంటివాళ్లే పాట పాడితే పరువు తక్కువ, దేవుడి చేతిలో పెట్టి లాక్కున్నట్టుంటుంది. అందుకని పక్క కొట్టు శ్యాంబాబుని బతిమాలి తన తరఫున పాడమన్నాడు.

చర్చిలో మగాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మధ్యలో పండగకని నిలబెట్టిన చెరుకు గెడల వల్ల ఒకరికొకరు కనపడరు. గుమ్మడికాయలకి ఎగబడి పాడారు. స్టీవెన్ గారు మిషను పైకెత్తేసరికి అందరూ చప్పబడిపోయారు. ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు దాన్ని పాస్టరు గారి నూతిలో వేసుకోమన్నాడు. ప్రేమరాజు మొహం కందగడ్డయింది. శ్యాంబాబుని మోచేత్తో పొడిచాడు. ఆ శ్యాంబాబు ధర ఇంకా దిగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు, బేరాలాడే బుద్ధి ఎక్కడికి పోతుంది!

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి కుట్టు టీచరు కరుణకుమారి పాట మొదలెట్టింది.

ప్రేమరాజుకి ప్రాణం లేచొచ్చింది. తన మిషను కావాలన్న మనిషి ఈ ఊళ్లో ఒకరున్నారు! మరుక్షణం గుండె గుభేలుమంది. ఆవిడ పట్టుకుపోతే గంగులుకి ఏం చూపిస్తాడు? శ్యాంబాబు చేత పెంచించాడు. ఆవిడా పెంచింది. మళ్లీ ఇతను, మళ్లీ ఆవిడ. ఇందాక నవ్వినవాళ్లు నోళ్లు మూసుకుని, ఇందులో ఏదో మర్మముందని మెడలు సాచి చూడ్డం మొదలెట్టారు.

చివరికి శ్యాంబాబుకి చెమటలు పట్టాయి. చెవిలో అడగాల్సింది పోయి, "ఒరే ప్రేమరాజూ, ఇంకా పెంచమంటావేటి?" అని గట్టిగా అడిగేశాడు.

చెరుకు గెడల అవతల ఎవరో "అయ్యో దేవా" అన్నారు. రోజూ పొద్దున్నే తనని నిద్రలేపే గొంతది. ప్రేమరాజు లేచి గెడలు తప్పించి చూశాడు. కరుణకుమారి వెనకాల, ఆవిడ చెవిలో నోరుపెట్టి ఎస్తర్ రాణి కూర్చునుంది.

ఇంతసేపూ ఒకే ఇల్లు రెండు వైపుల నుంచీ కొట్టుకుంటోందని అందరికీ తెలిసిపోయింది. నవ్వలేక చచ్చారు. స్టీవెన్ గారు మాత్రం పెదవి కదలనివ్వకుండా పాట ఖాయం చేసి, రసీదు ఇద్దర్లో ఎవరి పేరున రాయమంటారని అడిగారు.

పెందలాడే వచ్చేసిన గంగులు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. లోపలికొచ్చి మిషను అటూ ఇటూ తిప్పాడు. ప్రేమరాజు దాని పనితనం వివరించబోతే చేత్తో ఆపాడు.

"మొగుడికి తెలీకుండా పెళ్లాం, పెళ్లానికి తెలీకుండా మొగుడు ఇంతలా కొట్టుకున్నారంటే ఇందులో ఏదో ఉండే ఉంటాది. బోటు మీద ఏసి సూస్తాను, ఇచ్చీండి."

చెప్పిన ధరకే కొనుక్కుని వెళ్లిపోయాడు. ఇంటికి నడుస్తూ ప్రేమరాజు ఛాతీ విరుచుకున్నాడు. తన మిషను మీద ఆవిడకి లోపల ఇంత నమ్మకముందని తెలీక ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నానన్నాడు.

ఎస్తర్ రాణి నడక ఆపకుండానే అంది. "మిషను మీద నాకేటి నమ్మకం? ఆళ్లంతా అలా నవ్వుతుంటే నా ఒళ్లు మండిపోయింది. మిమ్మల్ని సూసి నవ్వడానికి ఇంట్లో నేనున్నాను కదండీ, ఊరోళ్లకేటి పని?"