బేకరీ గోడ వంకర

మా ఆయన టైల్స్ మేస్త్రీ. ముప్పై నాలుగేళ్లుగా వంటిళ్లకీ, స్నానాల గదులకీ, కొట్లకీ టైల్స్ వేస్తున్నాడు. ఆయన వేసిన వరసలు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయని అందరూ గీటు మేస్త్రీ అంటారు. అసలు పేరు మా కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. అలాంటి మనిషిని కళ్ళ పరీక్షకి నగరం తీసుకెళ్ళడమంటే మాటలా? వారం రోజులు నోరు నొప్పెట్టేలా పోరితే గానీ కదల్లేదు.

గొడవంతా మా వీధి చివర కొత్తగా పెడుతున్న బేకరీ దగ్గర మొదలైంది. ఎదురు గోడకి కాఫీరంగు టైలు ఒకటి, మీగడరంగు టైలు ఒకటి, ఇలా మార్చి మార్చి వెయ్యమన్నాడు బేకరీ ఆయన. పైగా ఏ వరసకా వరస కింది దాని మీద సగం టైలు పక్కకి జరగాలట. ఇలాంటి రెండు రంగుల్ని అలా జరిపి వెయ్యడం మా ఆయనకి అదే మొదటిసారి. రెండు రోజులు కష్టపడి వేశాడు. సందుల్లో బూడిదరంగు సిమెంటు నింపాడు. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే వరసలన్నీ వంకర. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా.

రసమట్టం ఆనించి చూశాడు. అందులో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. దారం కట్టి చూశాడు. వరస దారం వెంబడే నడిచింది. దారం తీస్తే మళ్ళీ వంకర. ఇంకొకరైతే మట్టాన్ని నమ్మి ఇంటికొచ్చి పడుకునేవారు. మా ఆయన పని నేర్చుకున్నది మా మామగారి దగ్గర. పనిముట్టు పాడవచ్చు గానీ మేస్త్రీ కన్ను పాడవకూడదని ఆయన నూరిపోశాడు. అందుకని ఈయన కన్నునే నమ్మి, ఆ సాయంత్రమే గోడంతా పీకేసి, కొత్త రసమట్టం కొనుక్కొచ్చి మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. మళ్ళీ పీకాడు. మూడోసారి కూడా అలాగే కనబడేసరికి పీకే ఓపిక లేక, గోడ మీద టార్పాలిన్ పట్టా కప్పి, జ్వరమని చెప్పి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక్కడ ఆయన మొండితనం ఒకటి చెప్పాలి. తుడిచి, కడిగి, మెరిసేదాకా గోడని ఎవరికీ చూపించడు. కూలీకి చూపించడు, యజమానికి చూపించడు, కట్టుకున్న పెళ్ళానికీ చూపించడు. ముప్పై నాలుగేళ్లలో ఆయన సగం పనిని నేను కళ్ళజూడలేదు. అందువల్ల ఆ గోడ మూడుసార్లు లేచినా, ఆయన కళ్ళు తప్ప ఇంకో జత కళ్ళు దాని మీద పడలేదు. దారిన పోయే ఎవరినైనా పిలిచి, ఇది మీకెలా ఉంది అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ తెలివి అప్పుడు నాకూ లేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆయన భయం కళ్ళ గురించే అయితే నేనూ అంత బెంగపడేదాన్ని కాదు. మా మామగారికి అరవయ్యో ఏట వరసలు వంకరపోవడం మొదలైంది. మొదట కళ్ళే అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి నా పేరు మర్చిపోయాడు. రెండో ఏడు కొడుకుని పట్టుకుని, నువ్వు ఏ మేస్త్రీ దగ్గర పనిచేస్తావు బాబూ అని అడిగాడు. మా ఆయనకి ఇప్పుడు యాభై ఎనిమిది. ఈ లెక్క మేమిద్దరం మనసులో వేసుకున్నాం గానీ పైకి అనుకోలేదు.

నగరంలో డాక్టరమ్మ అక్షరాలు చదివించింది, కంట్లో చుక్కలు వేసింది, దీపాలు వేసి చూసింది. చివరికి, మీ కళ్ళు బంగారంలా ఉన్నాయి, చత్వారం తప్ప ఏమీ లేదు అని నవ్వుతూ చెప్పింది. నేను దణ్ణం పెట్టబోయి పక్కకి చూశాను. మా ఆయన మొహం నల్లబడిపోయింది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "కళ్ళు బాగుంటే ఇక పోయింది బుర్రేగా" అన్నాడు.

మా చెల్లెలు ఆ నగరంలోనే ఒక ఆఫీసులో పనిచేస్తుంది. మా రైలు సాయంత్రం ఆరింటికి. అప్పటిదాకా బావ మొహం చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదని, భ్రమల మ్యూజియం అని ఒకటుందనీ, దానికి మూడు టికెట్లు కొన్నాననీ చెప్పింది. మా చెల్లెలికి ఈ గోడ సంగతి తెలియదు, చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్కడ లేనివి ఉన్నట్టు, ఉన్నవి లేనట్టు కనబడతాయి బావా అని ఊరించింది. అది మాకు ఇంట్లోనే ఊరికే దొరుకుతోంది కదమ్మా అన్నాడు ఆయన. చెల్లెలు జోకనుకుని పడీపడీ నవ్వింది.

మొదటి గదిలో ఒక మూల నిలబడితే రాక్షసుడంత, రెండో మూల నిలబడితే వేలెడంత కనబడతారు. చిన్నప్పటినుంచీ నన్ను పొట్టిదానా అని ఏడిపించిన మా చెల్లెలు నా మోకాలి దాకా కూడా రాలేదు. ఆ ఫొటో పెద్దది చేయించి గోడకి తగిలిస్తానని చెప్పాను. మా ఆయన మాత్రం లోపలికెళ్ళి రెండడుగులు వేసి, నేల ఎడమ మూలకి జానెడు దిగిందనీ, కప్పు అటువైపు ఎత్తు పెంచారనీ చెప్పేశాడు. బోర్డు మీద అదే రాసి ఉంది. చూశారా, మీకు అంతా తెలుస్తూనే ఉంది అన్నాను ఆశగా. తెలిసింది కాళ్ళకి, టైల్స్ కాళ్ళతో వేస్తానా అన్నాడు.

తర్వాత ఒక సొరంగం. మధ్యలో చిన్న వంతెన, చుట్టూ చుక్కల గోడ గిర్రున తిరుగుతుంటుంది. వంతెన కదలదు గానీ ఊగిపోతున్నట్టు ఉంటుంది. జనం కేరింతలు కొడుతూ దాటుతున్నారు. మా ఆయన రెండు చేతులా కమ్మీ పట్టుకుని దాటి, అవతల గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నాన్నకి చివర్లో అంతా ఇలాగే ఉండేదేమోనే" అన్నాడు మెల్లగా.

ఇక చాలు, పోదాం పదండి అన్నాను. మా చెల్లెలి మీద కూడా ఒంటికాలి మీద లేచాను. దారి చూపించే బాణం గుర్తులన్నీ ముందుకే ఉన్నాయి, మిగతా గదులు దాటితే గానీ బయటికి తోవ లేదు. అలా విసవిసా నడుస్తూ ఇంకో గదిలోకి తిరిగేసరికి ఎదురుగా నిలువెత్తు గోడ. తెలుపూ నలుపూ టైల్స్. వరసలు ఒకటి అటు వాలింది, ఇంకొకటి ఇటు వాలింది.

అప్పటికే చిరాకులో ఉన్నానేమో, నోరు ఊరుకోలేదు. "ఇదెవడు కట్టాడో గానీ వాడి చేతులు విరగ్గొట్టాలి. ఒక్క వరసైనా తిన్నగా లేదు" అన్నాను.

నా వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే మా ఆయన ఆ గోడని కాదు, నన్ను చూస్తున్నాడు.

"నీకూ వంకరగా కనబడుతోందా?" అన్నాడు.

"గుడ్డిదానికైనా కనబడుతుంది" అన్నాను. అన్నాక గానీ ఆయన అడిగిందేమిటో నాకు తలకెక్కలేదు.

ఆయన జేబులోంచి దారం ఉండ తీశాడు. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా ఆ ఉండ జేబులో ఉంటుంది. ఒక కొస నా చేతికిచ్చి, గోడకి ఆ చివర నొక్కి పట్టుకోమన్నాడు. ఈ చివర ఆయన లాగి పట్టాడు. దారం కింద వరస నిక్కచ్చిగా ఉంది. తీశాం, వంకర. పెట్టాం, తిన్నగా. ఇంకో వరసకి పెట్టాం, దానికీ అంతే. జనం మా చుట్టూ మూగి, ఇదీ మ్యూజియం వాళ్ళ ఏర్పాటే అనుకుని ఫొటోలు తీశారు.

అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి, గోడని ముట్టుకోవచ్చనీ, అది పెట్టిందే అందుకనీ చెప్పింది. ఇది ఎందుకిలా కనబడుతోందని మా ఆయన ఆ అమ్మాయిని మేష్టారిని అడిగినట్టు వినయంగా అడిగాడు. ముదురు రంగూ లేత రంగూ మార్చి వేసి, వరసని పక్కకి జరిపి, మధ్యలో బూడిదరంగు గీత పెడితే ఎవరికైనా ఇలాగే కనబడుతుందట. పిల్లలకీ ముసలివాళ్ళకీ డాక్టర్లకీ కూడా. కన్నుది తప్పు కాదు, కన్ను తీరే అంత అంది. ఆయన ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పింది.

నా మటుకు నాకు గుండె మీంచి బండ దిగిపోయింది. ఆయనకి దిగలేదు. ఒక అనుమానం తీరితే ఇంకోటి పట్టుకునే మనిషి. ఇక్కడిది నలుపు, మనది కాఫీరంగు, ఇక్కడిది బొమ్మ గోడ, మనది నేను వేసిన గోడ, అది వేరే అయితేనో అన్నాడు. మా చెల్లెలికి ఏమీ అర్థం కాక మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూస్తుంటే, ఇక ఒట్టు గట్టున పెట్టి దానికి మొత్తం చెప్పేశాను. అది విని కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇందులో ఆలోచించేదేముంది, ఆ బేకరీ ఆయనకి ఫోన్ చేసి చూడమంటే సరి అంది.

మా ఆయన నేల చూపులు చూశాడు. కడగని గోడని ఇంకొకరికి చూపించడమా? బయటి దారి దగ్గర ఉన్న బెంచీ మీద పావుగంట కూర్చున్నాడు. నేను తొందరపెట్టలేదు. పావుగంట తర్వాత తనే ఫోన్ తీసి, నంబరు నొక్కి, మాకు కూడా వినబడేలా పెట్టాడు.

బేకరీ ఆయన మొదట జ్వరం ఎలా ఉందని అడిగాడు. జ్వరం సంగతి తర్వాత, పట్టా తీసి నాలుగడుగులు దూరం నిలబడి గోడ ఎలా ఉందో చెప్పమన్నాడు మా ఆయన. పట్టా లాగిన చప్పుడు మాకు వినబడింది. ఆ కాసేపట్లో నేను దేవుణ్ణి కోరుకున్నది ఏ భార్యా కోరుకుని ఉండదు. నా మొగుడి పని బాగాలేదని ఆ మనిషి అనాలి, గట్టిగా అనాలి అని మొక్కుకున్నాను.

"చాలా బాగుందండీ మేస్త్రీ గారూ" అన్నాడు బేకరీ ఆయన.

మా ఆయన ఫోను బెంచీ మీద పెట్టేశాడు. "విన్నావుగా. ఆయనకి బాగానే ఉంది. నా ఒక్కడికే" అని ఆగిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ బేకరీ ఆయన ఎంత మొహమాటస్తుడో వీధికంతా తెలుసు. తన కాలు ఎవరైనా తొక్కితే, మీకు దెబ్బ తగిలిందా అని వాళ్ళనే అడుగుతాడు. ఫోను లాక్కున్నాను.

"అన్నయ్యా, నేను మేస్త్రీ గారి భార్యని. మీరు మొహమాటానికి బాగుందన్నారంటే మా కొంప మునుగుతుంది. మీ పిల్లల మీద ఒట్టు. మీ కంటికి ఎలా కనబడుతోందో అలాగే చెప్పండి."

బేకరీ ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండమ్మా. వరసలు వంకరగా ఉన్నాయి. ఒకటి ఇటు దిగింది, దాని మీదది అటు దిగింది. పాపం ఒంట్లో బాగాలేని మనిషి, మూడుసార్లు వేశారు, మళ్ళీ అంటే బాధపడతారని..."

నేను బెంచీ మీద కూలబడ్డాను. మా ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడుస్తున్నాను, సిగ్గులేకుండా, వచ్చేపోయే వాళ్ళంతా చూస్తుండగా. మా చప్పుడు విని బేకరీ ఆయన కంగారుపడి, అయ్యో అమ్మా, మరీ అంత వంకరేం కాదులెండి, అలమర పెడితే కనబడదు, సర్దుకుపోవచ్చు అని మొదలుపెట్టాడు.

"తగ్గించకండి అన్నయ్యా" అన్నాను. "ఎంత వంకరగా ఉందో అంతా చెప్పండి. ఆయన వింటున్నారు."