రామమోహనరావు కథ, తిరుపతి గొంతు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో వెనక, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో నెలకోసారి మా కథల కూటమి కూర్చుంటుంది. ఒకటే కట్టుబాటు. రాసినవాళ్ళు చదవకూడదు. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళు పైకి చదవాలి. నలుగురూ మెచ్చితే ఆ కథ వార్షికోత్సవం వేదికెక్కుతుంది.

ఆ ఆదివారం రామమోహనరావు కథ. కొత్త వియ్యంకుడు పట్టాభిని వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

"కడుపుబ్బ నవ్వుతారు బావగారూ, చూడండి."

చీటీలో తిరుపతి పేరొచ్చింది. ఎల్బీనగర్‌లో టైర్ల షాపు అతనిది. తన కథను పోయినేడు రామమోహనరావు బస్టాండు తగవులా ఉందని అన్నప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఇంకో చీటీ తీయండి," అన్నాడు రామమోహనరావు.

"ఎందుకు సార్? నా నోట్లె పడితె మీ కథ మైలైతదా?"

"కట్టుబాటు కట్టుబాటే," అంది చీటీ తీసిన వేదవతమ్మ.

కథలో నల్లగొండ నుంచి వచ్చిన వాచ్‌మన్‌తో ఓనరు, "లిఫ్టు బాగయ్యేదాకా ఇక్కడే ఉండు," అని చెప్పి మరిచిపోతాడు. సాయంత్రం వచ్చి చూస్తే వాడక్కడే ఉంటాడు. నవ్వు అక్కడ రావాలి.

తిరుపతి యాస సాగదీయలేదు. గొంతు తగ్గించాడు.

"ఈడ్నే ఉండమంటిరి గద సారూ. ఉన్న."

ఆగాడు. తర్వాత కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, రెండుసార్లు దగ్గి, అచ్చం రామమోహనరావు గొంతుతో ఓనరు మాట అన్నాడు.

"ఓరి వెర్రి వెధవా! ఇంకా ఉన్నావా? పోయి తిను."

ఎవరూ నవ్వలేదు. పట్టాభి పక్కకు వంగాడు.

"అంటే బావగారూ, పొద్దుణ్ణుంచీ అతనేం తినలేదా?"

రామమోహనరావు లేచాడు. "మాటలు మార్చాడు! కథ పాడు చేశాడు!"

తిరుపతి కాగితాలు అతని ముందు పెట్టాడు. "మార్చిన మాట ఒక్కటి చూపియ్యుండ్రి. అన్ని మీరు రాసినయే."

కట్టుబాటు తోసేసి రామమోహనరావే చదివాడు. యాస సాగదీశాడు, చేతులు తిప్పాడు. "ఉన్న" దగ్గర తానొక్కడే నవ్వాడు. నవ్వు మధ్యలో తెగింది.

కథ మెచ్చినవాళ్ళను వేదవతమ్మ చేతులెత్తమంది. పట్టాభి చెయ్యి సగం లేచి, చెవి గోక్కుని దిగింది. ఇంకెవరిదీ లేవలేదు.

మెట్ల మీద రామమోహనరావు తిరుపతికి అడ్డం నిలబడ్డాడు.

"వచ్చే నెల నీ కథేగా. చీటీలో నా పేరే రావాలని కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కుకుంటా."

"మొక్కుండ్రి. జర గట్టిగ మొక్కుండ్రి," అని నవ్వుతూ దిగిపోయాడు తిరుపతి.

రెండ్రోజులకు పంక్చరు వేయించుకోవడానికి అతని షాపుకు పోయాను. తిరుపతి టైర్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. తన కథలో కోస్తా నుంచి వచ్చిన కిరాయిదారు ఒకడున్నాడు. వాడి మాటలు గొణుగుతూ చదువుతున్నాడు. ఒకచోట ఆగి, రెండుసార్లు దగ్గి, రామమోహనరావు గొంతుతో మళ్ళీ చదివాడు. మొహం మాడ్చుకుని ఆ పేజీ అంతా కొట్టేశాడు.